మా పదో తరగతిలో ఎంతమందిమి?

పంటురేవు · నవంబరు 6, రాత్రి 9:12

ముక్కనుమనాడు ఊళ్లో మా పదో తరగతివాళ్లం కలుద్దామనుకున్నాం. వంటాయన మనుషుల లెక్క అడిగాడు. రాత్రి మంచమ్మీద పడుకుని వేళ్లు ముడుచుకుంటే ఒకసారి పదిహేడు వస్తోంది, ఇంకోసారి పద్దెనిమిది. వందమంది ఉన్న క్లాసైతే సరే అనుకోవచ్చు. గుప్పెడుమందిలో ఒక మనిషి తేడా ఎలా వస్తుంది?

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. మాది కోనసీమలో ఒక లంక. ఏడో తరగతి దాకా ఉన్న బడిని హైస్కూలు చేశాక పబ్లిక్ రాసిన రెండో బ్యాచీ మాది, 1996–97. కాస్త డబ్బున్నవాళ్ల పిల్లలు పొద్దున్నే పంటెక్కి (ఏరు దాటించే బల్లకట్టులెండి) అవతలి ఒడ్డున పెద్ద బడికి పోయేవారు. మిగిలినవాళ్లం మేం. గౌతమి మీద ఎదుర్లంక–యానాం వారధే 2002లో గానీ రాలేదు, ఇంక మా పాయ సంగతి ఎవడిక్కావాలి. మా మాస్టార్లు హాజరుకి పేర్లు పిలిచేవారు కాదు, నంబర్లే. మగపిల్లలం ముందు, ఆడపిల్లలు తర్వాత. నేను 7.

ఇక్కడ మనవాళ్లు నలుగురైదుగురున్నారని తెలుసు. ఎవరి నంబరు వాళ్లు పలకండి.

డాలస్_నుంచి · నవంబరు 6, రాత్రి 10:30

2 ప్రెజెంట్ సార్!

పదహారు మందిమిరా. అనుమానమే లేదు. ఫిబ్రవరిలో దిగిన గ్రూపు ఫొటో నా దగ్గరుంది, ఇప్పుడే మళ్లీ లెక్కపెట్టా. కుర్చీల్లో మాస్టార్లు అయిదుగురు, వెనక మనం పదహారు. బ్యానరు మీద అదే వేయిద్దాం. ఖర్చు సంగతి నాకొదిలెయ్, చిన్న స్టేజీ, మైకు, అందరికీ జ్ఞాపికలు. భోజనంలో పులస ఉండాల్సిందే.

కొబ్బరిమట్ట · నవంబరు 6, రాత్రి 10:41

5 ఉన్నానండి, ఆయ్. ఊళ్లోనే ఉన్నాను, ఎక్కడికీ పోలేదు.

సంక్రాంతికి పులసేంట్రా? డాలస్ వెళ్లి నెలలు కూడా మర్చిపోయావా? పులస చేప వానాకాలం వరదకి ఎర్రనీళ్లొచ్చినప్పుడు కదా గోదాట్లోకి ఎదురెక్కేది. పండక్కి కావాలంటే కోడి తిను.

లెక్క విషయానికొస్తే, పదిహేడు. పరీక్షకి పంటు మీద దాటింది పదిహేడుమందిమి. పంటువాడు తలకి అర్ధరూపాయి చొప్పున ఎనిమిదిన్నర తీసుకునేవాడు, రోజూ నేనే లెక్కపెట్టి ఇచ్చేవాణ్ణి.

రెండోబెంచి · నవంబరు 6, రాత్రి 11:05

13.

పద్దెనిమిది. ఆడపిల్లలం ఏడుగురం, 12 నుంచి 18 దాకా. రెండు బెంచీలు మావి, ముందు బెంచీలో నలుగురు, వెనక ముగ్గురు. ఇవాళ తారీఖెంతో చూసుకునే ఈ లెక్క మొదలెట్టావా, ఊరికే అడిగావా?

పంటురేవు · నవంబరు 6, రాత్రి 11:09

ఊరికే అడిగాను. ఇప్పుడు చూశా తారీఖు.

రెండోబెంచి · నవంబరు 6, రాత్రి 11:52

నిద్ర పట్టట్లేదు కాబట్టి రాస్తున్నా. బయటివాళ్లకి 1996 నవంబరు 6 అంటే ఏమీ గుర్తు రాకపోవచ్చు. బుధవారం. ఆదివారం దీపావళి. మా నాన్న అరుగు మీద మతాబు గొట్టాలు చుట్టి వరసగా పెట్టారు. సాయంత్రానికి గాలి మొదలైంది. మాకు గాలి కొత్త కాదు, తుఫాను కబురు రేడియోలో ఏటా వింటాం. చీకటి పడ్డాక మాత్రం అది గాలిలా లేదు, ఎవరో ఇంటి చుట్టూ లారీ తిప్పుతున్నట్టుంది. మొదట ఒకవైపు నుంచి కొట్టి, కాసేపు ఆగి, తర్వాత తిరుగుగాలి. ఇంట్లోవాళ్లం వడ్లబస్తాల వెనక కూర్చున్నాం. చెట్లు పడుతున్న చప్పుడు లెక్కపెట్టాలని మా తమ్ముడు మొదలెట్టి నలభై దగ్గర ఏడ్చేశాడు.

పొద్దున్న లేచి తలుపు తీస్తే మా అరుగు మీంచి పక్కూరి గుడి గోపురం కనపడింది. నేను పుట్టి పదిహేనేళ్లయినా అక్కణ్ణుంచి ఆ గోపురం ఎప్పుడూ చూడలేదు. మధ్యలో తోటలుండేవి.

సముద్రం పక్కన బలుసుతిప్ప, భైరవపాలెం వైపు జరిగినదాంతో పోలిస్తే మాది ఒక లెక్క కాదు. మొత్తం మీద వెయ్యిమందికి పైగా పోయారు ఆ తుఫానులో. మా ఊళ్లో మనుషులు మిగిలారు, చెట్లు పోయాయి.

కొబ్బరిమట్ట · నవంబరు 7, ఉదయం 6:20

చెట్లే కదా అనుకుంటారు వినేవాళ్లు. మాకు ఎకరంన్నర తోట, వంద చెట్లుండేవి. పొద్దున్న నిలబడినవి పదకొండు. వరిచేను పోతే మళ్లీ పంటకి లేస్తుంది. కొబ్బరిమొక్క పాతితే కాపుకి ఆరేడేళ్లు. ఆ ఆరేడేళ్లూ దింపు లేదు, ఒలుపు లేదు, కురిడీలు ఎండబెట్టడం లేదు. చెట్టెక్కేవాడికీ పని లేదు, బండి తోలేవాడికీ పని లేదు. పడిపోయిన మొద్దులు కొనడానికి వచ్చినవాళ్లు ఎంత ఇచ్చారో చెప్తే మీరు నమ్మరు, ఊరంతా మొద్దులే అయినప్పుడు ధర ఎవడిస్తాడు. మా నాన్న ఒక మొద్దుని కాలవ మీద అడ్డంగా వేసి దాటడానికి వాడుకున్నాడు. అంతే మాకు మిగిలింది.

పరీక్షకి నాలుగు నెలలుందనగా ఇదీ మా పరిస్థితి.

జగిత్యాల_పోరడు · నవంబరు 7, ఉదయం 9:15

అన్నా, అక్కా, నేను మీ క్లాసు కాదు గానీ సదువుతాంటే ఆగబుద్ధి కాలే. మాది ధర్మపురి దిక్కు. మీ కాడికి పారే గోదారి మా ఊరి ముంగట నుంచే పోతది. మా బడిల పదో తరగతి పదకొండు మందిమే. మా ఊళ్ల తుఫాను లేదు, కరువు. అయినా కత ఒక్కటే. పదకొండు మందిల నలుగురు దుబాయికి పోయిన్రు, ఒకడు సదువు ముగువకముందే పోయిండు, పాస్‌పోర్టుల వయసు పెంచి రాయించుకున్నడు.

వయసంటే యాదికొచ్చింది, మా పదకొండు మందిల ఆరుగురి పుట్టినరోజు జూన్ ఒకటో తారీఖే! ఒకటో తరగతిల చేర్పిచ్చినప్పుడు సారే రాసిండు. మీ దిక్కు గూడ గంతేనా?

డాలస్_నుంచి · నవంబరు 7, ఉదయం 9:40

హహ. మాదీ అంతే తమ్ముడూ. నాది జూలై ఒకటి. అసలు పుట్టింది కార్తీకమాసంలో అని మా అమ్మ చెప్తుంది. ఇక్కడ ఆఫీసులో జూలై ఒకటిన కేకు కోస్తారు, నేనూ మొహమాటానికి ఊదేస్తా.

పుట్టుమచ్చలు గుర్తున్నాయా ఎవరికైనా? సర్టిఫికెట్టులో రెండు పుట్టుమచ్చలు రాయాలి కదా. డ్రిల్లు మాస్టారు వరసలో నిలబెట్టి చొక్కాలెత్తి వెతికారు. 9 గాడికి ఒక్కటే దొరికింది. రెండోదానికి అరగంట వెతికి, చివరికి మోకాలి మీద సైకిలు గీరుకున్న మచ్చ రాసేశారు.

కువైట్_గాలి · నవంబరు 7, మధ్యాహ్నం 1:18

9 ని నేనే. ఆ మోకాలి మచ్చ పదేళ్లకి మాసిపోయింది. ఇక్కడ వీసా పని మీద సర్టిఫికెట్టు చూపించినప్పుడల్లా భయం, ప్యాంటు ఎత్తమంటాడేమోనని. ఇంతవరకు ఎవడూ అడగలేదు.

నాకు పండక్కి సెలవు లేదు. ఫోన్లో చూస్తా.

రిటైర్డ్_హెచ్చెం · నవంబరు 7, సాయంత్రం 4:50

నేనూ బయటివాణ్ణే, ప్రకాశం జిల్లాలో ప్రధానోపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను. పుట్టినరోజుల నేరం మా మీద వేశారు కాబట్టి సంజాయిషీ. పిల్లని చేర్చడానికి వచ్చినవాళ్లు "వరదలొచ్చిన ఏడు పుట్టాడండి" అనేవారు. అప్పట్లో బడిలో చేరడానికి అయిదేళ్లు నిండాలి. మేం వెనక్కి లెక్కేసి ఆ వయసు సరిపోయే తారీఖు రాసేవాళ్లం. రాసిన చేత్తోనే ఆ పిల్లవాడి రిటైర్మెంటు తేదీ కూడా రాస్తున్నామని అప్పుడు తట్టలేదు.

మీ తగాదా గురించి. ముగ్గురూ చెప్పింది నిజమే అయ్యుండాలి. ఫొటోలో పదహారు, పరీక్ష హాల్లో పదిహేడు, రిజిస్టరులో పద్దెనిమిది. పబ్లిక్ పరీక్షకి ఫీజు, నామినల్ రోల్సు (పరీక్ష రాసేవాళ్ల పేర్ల జాబితా) నెలల ముందే వెళ్లిపోతాయి. ఆ తర్వాత పిల్ల మానేసినా హాల్‌టికెట్టు వచ్చేస్తుంది. ఎవరూ పోయి కూర్చోకపోతే ఆ నంబరు ఎదురుగా గైర్హాజరు పడుతుంది. ప్రభుత్వం దృష్టిలో మీరు పద్దెనిమిది మంది.

పంటురేవు · నవంబరు 7, రాత్రి 8:30

మాస్టారూ, నమస్కారం. మా ఫీజులు దసరా సెలవులయ్యాక కట్టేశాం, తుఫానుకి ముందే. అంటే మీరు చెప్పింది సరిపోయింది.

16వ నంబరు! ఇప్పుడు వెలిగింది నాకు. సోషల్ మాస్టారు మ్యాపు పాయింటింగు చెయ్యమంటే బోర్డు మీద గోదావరి ఏడు పాయలూ చెయ్యెత్తకుండా గీసేది. తుఫాను తర్వాత రాలేదు కదా తను?

ఆ నాలుగు నెలలూ మేం చదివింది తుఫాను షెల్టర్లో. బడి రేకులు లేచిపోయాయి. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత తీరం పొడవునా కట్టిన షెల్టర్లలో మా ఊరిది ఒకటి. కింద స్తంభాలు, పైన హాలు. అటువైపు తొమ్మిదో తరగతి, ఇటువైపు మేం, మధ్యలో గోనెపట్టా. వాళ్ల తెలుగు మాస్టారు పద్యం ఎత్తుకుంటే మా లెక్కల మాస్టారు ఆపేసి వినేవారు. కరెంటు లేదు. చీకటి పడితే కిందకి దిగి లాంతర్ల చుట్టూ గుండ్రంగా కూర్చునేవాళ్లం.

డాలస్_నుంచి · నవంబరు 7, రాత్రి 9:02

లెక్కల మాస్టారు లేకపోతే నేను ఇక్కడ ఉండేవాణ్ణి కాదు. లెక్కలు రెండో పేపరు రోజు గుర్తుందా? ఆటుకి నీళ్లు లాగేసి పంటు ఇసుకమేట మీద కూర్చుంది. అరగంట దాటితే హాల్లోకి రానివ్వరు. ఆయన పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగిపోయి పంటు తోశారు. మేమందరం దిగబోతే "మీరు తడవకండిరా, బిట్ పేపరు మీద నీళ్లు కారతాయి" అని అరిచారు. ఆయనకి ఆ రోజు స్టేజీ మీద పెద్ద సన్మానం చెయ్యాలి. పాసైన పన్నెండుమందికీ మా తరఫున మెడల్సు లాంటివి చేయిద్దాం, సరదాగా.

నాలుగో_నంబరు · నవంబరు 8, ఉదయం 5:35

నేనూ ఇది చదువుతున్నా. పేరు చూస్తే తెలిసిపోతుంది ఎవర్నో.

మెడల్సు పన్నెండుమందికి. బాగుంది. మిగతా అయిదుగురం ఏం చెయ్యాలి, చప్పట్లు కొట్టాలా?

పంటు తోసిన మాట నిజమే, కాదనను. అదే మాస్టారు నా అరచేతి మీద బెత్తం విరిగేదాకా కొట్టారు, అదీ నిజమే. నీకు ఆయన పంచె గుర్తుంది, నాకు బెత్తం గుర్తుంది. ఎవడి మాస్టారు వాడిది.

రిజల్సు రోజు మొదటి పంటుకి పేపరొచ్చింది. మనం రేవులో ఉన్నాం. పేపరు తెరిచింది నువ్వే, డాలస్. నంబర్లు ఒక్కొక్కటే పైకి చదివావు. నా ముందు నంబరు చదివావు, నా తర్వాత నంబరు చదివావు. మధ్యలో ఆగలేదు. ఆగితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. హిందీకి ఇరవై వస్తే చాలు, అది గట్టెక్కాను. లెక్కల్లో 31. నాలుగు మార్కులు.

ఇంకొకటి. ఫొటోలో నేను లేను. ఎగ్గొట్టాననుకున్నారు అందరూ. ఫొటోకి పదిహేను రూపాయలన్నారు. ఆ ఫిబ్రవరిలో మా ఇంట్లో పదిహేను రూపాయలు లేవు. షెల్టరు వెనక కూర్చుని, కదలకండి అని ఫొటో అతను అరవడం విన్నాను.

నేను రాను. మీరు బాగా చేసుకోండి.

డాలస్_నుంచి · నవంబరు 8, ఉదయం 7:10

ఒరేయ్. నాకు తెలీదురా. పదహారేళ్ల వెధవని, నా నంబరు కోసం వెతుక్కుంటున్నా. నీది లేదని చూడనే లేదు నేను.

స్టేజీ వద్దు, మెడల్సు వద్దు. నేను అన్నానని మర్చిపో.

కొబ్బరిమట్ట · నవంబరు 8, ఉదయం 7:45

16 విషయం నేను చెప్పాలి. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

మార్చిలో హాల్‌టికెట్లు వచ్చినప్పుడు మాస్టారు తనది నా చేతికిచ్చి ఇంటికి వెళ్లి ఇచ్చి రమ్మన్నారు. ఒక మాట అడిగి చూడరా, పరీక్ష రోజులకైనా పంపిస్తారేమో అన్నారు. వెళ్లాను. పెరట్లో పడిపోయిన మట్టలు గుట్టగా ఉన్నాయి. తనూ వాళ్లమ్మా కూర్చుని ఈనెలు చీరి చీపుర్లు కడుతున్నారు. అప్పట్లో ఊళ్లో సగం ఇళ్లలో అదే పని, ఉన్నవి మట్టలే కదా. చేతులు లంగాకి తుడుచుకుని హాల్‌టికెట్టు తీసుకుంది. మొత్తం చదివింది. రెండు వైపులా. సెంటరు, తారీఖులు, కింద సూచనలు, అన్నీ. తర్వాత వేలు పెట్టి చూపించింది: "నా పేర్లో ఒక అక్షరం తప్పు పడింది. మాస్టారికి చెప్పి మార్పించు."

సరే అన్నాను. వస్తావా అని అడగడానికి నోరు రాలేదు. వాళ్లమ్మ తలెత్తలేదు.

మాస్టారికి చెప్తే ఆయన కాగితం తీసి నిజంగానే అర్జీ రాశారు. పంపారో లేదో తెలీదు.

రెండోబెంచి · నవంబరు 8, రాత్రి 10:15

ఇది చదివి పొద్దుటినుంచి పని చెయ్యలేకపోయాను.

నేను టీచరు ఉద్యోగం చేస్తున్నానని మీకు తెలుసు. పదిహేనేళ్ల కిందట చేర్పుల సమయంలో ఒకావిడ కూతుర్ని తీసుకుని వచ్చింది. ఫారం నింపుతూ తలెత్తకుండానే అడుగుతున్నా. తండ్రి వృత్తి, తల్లి వృత్తి. మస్కట్లో ఇళ్లలో పని చేసి వచ్చానండి అంది. తల్లి చదువు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పదో తరగతికి ఫీజు కట్టానండి టీచరుగారూ" అంది.

అప్పుడు చూశాను మొహం. "ఏమే, నేనే, పదమూడు" అన్నాను. నవ్వింది. నేను గుర్తుపట్టకముందే తను గుర్తుపట్టింది, అయినా అండీ అనే మాట్లాడింది.

ఆ గడిలో పదో తరగతి అనే రాశాను. తప్పో ఒప్పో హెచ్చెం మాస్టారు చెప్పాలి.

రిటైర్డ్_హెచ్చెం · నవంబరు 9, ఉదయం 6:05

నేనైనా అదే రాసేవాణ్ణి తల్లీ. ఆ గడి చూసి ఎవరూ ఏమీ ఇవ్వరు, ఏమీ తియ్యరు.

జగిత్యాల_పోరడు · నవంబరు 9, ఉదయం 9:30

అక్కా, గామె ఇప్పుడు యాడున్నది మరి? పిలువున్రి.

నాలుగో_నంబరు · నవంబరు 9, ఉదయం 11:48

రేవులోనే ఉంది. ఇడ్లీబండి తనదే. అవతలి ఒడ్డున నా రొయ్యల చెరువులు, రోజూ పొద్దున్నే పంటెక్కేముందు అక్కడే తింటాను. ఏడెనిమిదేళ్లుగా. అల్లం పచ్చడి వెయ్యి, చిల్లర రేపిస్తా, ఈ మాటలే. బడి మాట మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. నేనెత్తలేదు, తనెత్తలేదు.

పంటురేవు · నవంబరు 9, మధ్యాహ్నం 12:10

ఆ బండి దగ్గర నేను పోయిన సంక్రాంతికి తిన్నాను! రెండు ప్లేట్లు. ముసుగేసుకుని ఉంది, చలికి. "హైదరాబాదు నుంచి వచ్చారా" అని కూడా అడిగింది. అవునండీ అని చెప్పి డబ్బులిచ్చి వచ్చేశా. ఛ.

కొబ్బరిమట్టా, నువ్వెళ్లి అడగరా.

కొబ్బరిమట్ట · నవంబరు 10, రాత్రి 7:20

వెళ్లొచ్చాను. పొద్దున్న బేరం టైములో మాట్లాడటం కుదర్లేదు, మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే వెళ్లాను. సంగతి చెప్పాను. "నేనెందుకు, నేను రాయలేదు కదా" అంది. పద్దెనిమిదని రిజిస్టరులో ఉందంట, ఒక హెచ్చెంగారు చెప్పారు అన్నాను. ఆయనెవరు అంది. ఒంగోలు వైపు ఆయన, మనకి తెలీదు అంటే నవ్వింది.

వస్తుందంట. కానీ పండగ మూడ్రోజులూ, ముక్కనుమా రేవులో జనం విపరీతం, ప్రభలతీర్థానికి వెళ్లొచ్చేవాళ్లంతా అప్పుడే. రెండింటిదాకా బండి కట్టెయ్యడం కుదరదంది. భోజనం రెండున్నరకి పెట్టుకోమంది.

ఇంకో మాట అడిగింది. "నాలుగొస్తున్నాడా?" అని.

డాలస్_నుంచి · నవంబరు 10, రాత్రి 8:00

రెండున్నరైనా, నాలుగైనా. నాకు ఆ టైముకి అసలు ఆకలి తెలీదు, నా కడుపు డాలస్ టైములో ఉంటుంది.

నాలుగో_నంబరు · నవంబరు 11, ఉదయం 5:50

ఇప్పుడే తిని పంటెక్కాను. చిల్లర ఇస్తుంటే తీసుకోలేదు, ముక్కనుమనాడు ఇవ్వు అంది.

సరే. ఆ రోజు బండి నేను దగ్గరుండి కట్టిస్తా. ఇద్దరం కలిసి వచ్చేస్తాం. ఫొటో తీస్తే మాత్రం డబ్బులు ముందే చెప్పండి.

పంటురేవు · నవంబరు 11, ఉదయం 8:15

ఫొటో నా ఖర్చు.

వంటాయనకి పద్దెనిమిదని చెప్పేస్తున్నా. మాస్టార్లు వేరే.

కువైట్_గాలి · నవంబరు 11, ఉదయం 10:02

నేను రావట్లేదని చెప్పాను కదరా. పదిహేడు.

పంటురేవు · నవంబరు 11, ఉదయం 10:05

మళ్లీ పదిహేడేనా!

కొబ్బరిమట్ట · నవంబరు 11, ఉదయం 10:20

పద్దెనిమిదే చెప్పవయ్యా బాబూ. వాడి వాటా తినడానికి మా ఇంట్లో ముగ్గురున్నారు.